ముప్పై శాతం పిడుగు

నేను రిటైరై ఏడాది దాటింది. ఇప్పటికీ మబ్బు పట్టిందంటే నాకు కుదురుండదు. పొయ్యి మీద పప్పు అలాగే వదిలేసి మేడ మీదికి పరుగెత్తుతాను. మా ఆయన కింద నుంచి "ఇంకా జీతం ఇస్తాండారా నీకు?" అని అడుగుతారు. ఆయన మాట వినిపించనట్టు నటించి పడమటి వైపు చూస్తూ నిలబడతాను. పప్పు ఇప్పటికి చాలాసార్లు మాడింది.

నా ఉద్యోగం పేరు ఎంత పొడుగంటే ఆఫీసు బోర్డు మీద రెండు వరుసలు పట్టేది. పని మాత్రం చిన్న మాటల్లో చెప్పొచ్చు. పిడుగు ఎప్పుడు పడొచ్చు, వంక ఎప్పుడు పొంగొచ్చు, ఎండ ఎప్పుడు ప్రాణం తీయొచ్చు అని యంత్రాలు, లెక్కలు చెప్పే సంగతిని మండలాఫీసులకు, ఫైరు స్టేషన్లకు, ఆసుపత్రులకు అందజేయాలి. ఆదోని, ఎమ్మిగనూరు, పెద్దకడుబూరు, హొళగుంద, ఈ చుట్టుపక్కలే నా తిరుగుడంతా. పల్లెల్లో నన్ను పిడుగుల మేడం అనేవాళ్లు. ఆ పేరు నాకు ఎంత నచ్చిందంటే, జీతం కాగితం మీద కూడా అదే సంతకం పెట్టేద్దామా అనిపించేది.

ఇందులో కొత్తగా చేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, అవి ఎలా వస్తాయో నాకే అర్థం కాలేదు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, దాన్ని దిద్దిన మనుషుల గురించి రాస్తాను.

పాస్ మార్కులు

రోజూ పొద్దున పదింటికి మా ఆఫీసు నుంచి మండలాల వారీగా ఒక సందేశం వెళ్లేది. "ఈ మధ్యాహ్నం మీ మండలంలో పిడుగులు పడే అవకాశం ఇంత శాతం" అని. మండలాఫీసు దాన్ని ఊళ్లలోని వీఆర్వోలకు పంపాలి. వాళ్లు కూలీ గుంపులను నడిపే మేస్త్రీలకు చెప్పాలి. పంపిన సందేశం నీళ్ల పైపులో నీళ్లలా చివరిదాకా పారుతుందని నేను ఏళ్ల తరబడి నమ్మాను. మన ఊళ్లలో పైపుల సంగతి తెలిసీ అలా నమ్మడం నా అమాయకత్వం.

ఒక మధ్యాహ్నం పెద్దకడుబూరు వైపు ఒక ఊరి చేలో వేపచెట్టు మీద పిడుగు పడింది. వాన మొదలైందని ఆ చెట్టు కిందికి చేరిన కూలి ఆడవాళ్లు ఇరవై ఇద్దరు. వాళ్ల మేస్త్రీ హనుమక్క. అందరూ విసిరేసినట్టు పడిపోయారు. చెట్టుకు కట్టేసిన మేకలు మూడు చచ్చిపోయాయి. దేవుడి దయ వల్ల ఇరవై ఇద్దరూ లేచి కూర్చున్నారు గానీ, మొదలుకు ఆనుకుని కూర్చున్న సువార్తమ్మకు కుడి చెవి కాలి వినికిడి పోయింది. మళ్లీ రాలేదు.

ఆదోని ఆసుపత్రికి వెళ్లి ఆమె మంచం పక్కన నిలబడి నేనెవరో చెప్పుకున్నాను. "ఈ పక్కకు రా మేడం. ఆ చెవి పన్జేయదు," అంది. ఎడమ వైపుకు వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె నవ్వింది. కాళ్ల దగ్గర కూర్చున్న హనుమక్క మాత్రం నవ్వలేదు.

"పిడుగు పడేది మీకు పొద్దన్నే తెల్సునంట గదా. మాకెందుకు సెప్పలేదు?" అని అడిగింది.

"పంపించామక్కా," అన్నాను.

"యాడికి పంపించినారు? మాకైతే రాలేదు."

ఆ మాట పట్టుకుని నేరుగా వాళ్ల మండలాఫీసుకు పోయాను. ఆ మండలం పేరు రాయను. డిప్యూటీ తహసీల్దారు బసవరాజు నిజాయితీపరుడు, పద్ధతి గల మనిషి. విపత్తుల పని ఆయనదే. నేను అడగ్గానే రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. మా సందేశాలన్నీ తేదీల వారీగా చక్కగా అతికించి ఉన్నాయి. కొన్నిటికి పచ్చ టిక్కు, కొన్నిటికి ఎర్ర సున్నా. పిడుగు పడిన రోజుకు ఎర్ర సున్నా ఉంది.

"సున్నా అంటే ఏంటండీ?"

"ఊళ్లకు పంపలేదని మేడం. ఆ పొద్దు ముప్పై శాతమే గదా వచ్చింది."

"అయితే?"

"ముప్పై అంటే ఫెయిలే గదా మేడం. ముప్పై ఐదు దాటితేనే పంపుతాం." ఆయన ముఖంలో వేళాకోళం ఏ మాత్రం లేదు. "మా పాప లెక్కల్లో ముప్పై తెచ్చుకుంటే ఎవురన్నా పాసంటారా?"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామని రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుంటే అందులో ముప్పై మూడుకు కూడా సున్నా కనిపించింది. మోడరేషన్ ఇచ్చైనా పాస్ చేయలేకపోయారా అని అడిగాను. ఆయన ఆలోచనలో పడ్డాడు. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి ఆయనా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. కాసేపటికి సువార్తమ్మ చెవి గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది, నీళ్లు ఆగలేదు.

తప్పు ఆయనది కాదు. ఈ నేల మీద బడికి పోయిన ప్రతి ఒక్కరికీ ముప్పై ఐదు అనేది ఎముకల్లో ఉంటుంది. నాకూ ఉంది. ఇంటర్లో ఫిజిక్సులో సరిగ్గా ముప్పై ఐదు తెచ్చుకుని మా నాయన చేత మిఠాయి పంచిపెట్టించిన దాన్ని నేను. అలాంటి దాన్ని, వంద చదరపు మైళ్లు కూడా లేని మండలంలో ముప్పై శాతం పిడుగు అంటే ఎంత పెద్ద మాటో ఒక్కసారైనా విడమర్చి చెప్పలేదు. ఇలాంటి సందేశం పదిసార్లు వస్తే మూడుసార్లు పిడుగు పడుతుందని ఆయనకు అప్పుడు చెప్పాను. బసవరాజు రిజిస్టరు మూసేసి పక్కకు జరిపాడు.

తర్వాత అన్నాడు: "అది సరే మేడం. ముప్పై వస్తే నేనేం చెయ్యల్ల?"

"అప్రమత్తంగా ఉండాలి."

"అప్రమత్తమంటే? కుర్చీలో నిక్కి కూసోవల్లనా?"

అన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ వేసుకోలేదు.

పసుపు శుభమే కదా

మా పై అధికారి గురించి ఉన్నమాట చెప్పాలి. మబ్బుల విషయంలో ఆయనంత తెలిసినవాడిని నేను చూడలేదు. కిటికీలోంచి ఒక్క చూపు చూసి మబ్బు ఎంత ఎత్తుందో చెప్పేవాడు. కానీ మనుషుల విషయంలో ఆయనకు కిటికీ లేదు. అంకెలు అర్థం కాకపోతే రంగులు వేద్దాం అన్నాడు. ప్రమాదం ఎక్కువ నుంచి తక్కువకు ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ. బ్రహ్మాండమైన మ్యాపు తయారైంది, గోడకు తగిలించుకుంటే కళ్లకు పండగే.

దాన్ని పట్టుకుని హొళగుంద వైపు శిక్షణకు వెళ్లాను. తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడే పెద్దాయన ఒకరు, రెవెన్యూలో పాతకాపు, మ్యాపు చూసి ముచ్చటపడ్డారు. "మా మండలం పసుపు వచ్చిందమ్మా, శుభం. భయమేమిల్ల," అన్నారు. పక్కవాళ్లు తలలూపారు. నేను మ్యాపు చుట్టేసి చంకలో పెట్టుకుని టీ తాగి వచ్చేశాను. దారి పొడుగునా బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్కన కూర్చున్న ఆమె జరిగి కూర్చుంది.

పై అధికారికి చెబితే ముఖం ఎర్రబడింది. "శాస్త్రం చెప్పడం మన పని, అర్థం చేసుకోవడం వాళ్ల పని. పల్చన చేయకండి," అన్నాడు. నేను వారం రోజులు వదలకుండా పోట్లాడాను. చివరికి నన్ను వదిలించుకోవడానికే ఒప్పుకున్నాడు. అంకె అలాగే ఉంచి, దాని పైన ఒక్క వరుస పెద్ద అక్షరాల్లో: "ఈ రోజు రెండు నుంచి ఐదు దాకా చేలో ఎవరూ ఉండొద్దు. మేస్త్రీలకు ఇప్పుడే ఫోన్ చేయండి."

కొత్తగా చేరేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ఎంత శాతం అన్నది మన లెక్క. ఏం చేయాలన్నది వాళ్ల పని. రెండోది రాయకుండా మొదటిది మాత్రమే పంపితే మనం పని చేసినట్టు కాదు, కాగితం పంపినట్టు.

సేరు కొలిచినట్టు

ఆ తర్వాత బసవరాజును వెంటబెట్టుకుని హనుమక్క గుంపు పని చేసే చేనికి వెళ్లాను. వెళ్లగానే ఆమె నా గాలి తీసేసింది.

"ఫోన్ సేస్తాము, ఫోన్ సేస్తామంటాండారు. ఈ సేన్లో సిగ్నలే రాదు. స్కూలు కాడికి పోతేనే వస్తాది," అంది.

బసవరాజు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఫోన్ లేకుండా పని చేసే ఉపాయం ఒకటి ఉంది, చాలా పాతది. మెరుపు కనిపించగానే అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. సెకనుకు ఒక అంకె. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే పిడుగు మన దాకా రాగల దూరంలో ఉన్నట్టు. వెంటనే పక్కా కట్టడంలోకి పోవాలి. చెట్టు కిందికి మాత్రం పోకూడదు. కట్టడం అందనంత దూరమైతే దూరదూరంగా, పాదాలు దగ్గరగా పెట్టుకుని గొంతుకు కూర్చోవాలి.

"నేను సూపిస్తా మేడం," అని బసవరాజు ముందుకొచ్చాడు. బడిలో ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒకే ఊపిరిలో ముప్పై దాకా వెళ్లిపోయాడు. గడియారం చూస్తే తొమ్మిది సెకన్లు. ఈయన లెక్కను నమ్ముకుంటే పిడుగు నెత్తి మీదికొచ్చినా ఇంకా దూరంగానే ఉందనుకుంటారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

హనుమక్క చేతులు దులుపుకుని "నేను పెడతా సూడు," అంది. సేరుతో ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. ఆమె లాభం అని గాల్లోనే ఒక సేరు ముంచింది, చేత్తో అంచు చదును చేసింది, పోసింది. రెండు. మళ్లీ ముంచింది, చదును చేసింది, పోసింది. మూడు. పెళ్లి బియ్యం కొలుస్తున్నంత నిదానం. ముప్పై అయ్యేసరికి నా గడియారంలో ఒకటిన్నర నిమిషం దాటింది.

అలా కాదక్కా అని నోరు తెరిచాను. అంతలో లెక్క వేసుకుని నోరు మూసుకున్నాను. చెవికి వినిపించే ఉరుము ఏదైనా సరే నిమిషం లోపే వస్తుంది. హనుమక్క లెక్కలో ఏ ఉరుమైనా ముప్పైకి ముందే వచ్చి తీరుతుంది. అంటే ఉరుము వినిపించిందంటే చాలు, వాళ్లు చేను దాటుతారు. స్కూలుకు ఎంతసేపని అడిగాను. కొంగు బిగించి నడిస్తే పావుగంట అన్నారు. నా ముప్పై సెకన్ల లెక్క పక్కనే కట్టడం ఉన్నవాళ్లకు పనికొస్తుంది. పావుగంట నడవాల్సినవాళ్లకు హనుమక్క లెక్కే సరైనది.

"బాగుందక్కా, ఇట్లే పెట్టు," అన్నాను. బసవరాజు నొచ్చుకున్నాడు. ఆ రోజు నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆఫీసుకు వచ్చి శిక్షణ కాగితంలో "సేరు కొలిచినట్టు లెక్కపెట్టవలెను" అని టైపు చేయించాను. పై అధికారి చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. సంతకం పెట్టాడు.

అయితే అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. వరుసగా రెండుసార్లు ఉరిమింది, వాళ్లు పని వదిలి స్కూలుకు పోయారు, పిడుగు ఎక్కడా పడలేదు. చేను రైతు మండిపడ్డాడట, ఉరిమినప్పుడల్లా బడికి పోతే బుడ్డలు ఎవరు పెరుకుతారని. ఇక్కడ వేరుశనగను బుడ్డలంటారు. పూట కూలీ పోయినవాళ్ల ముఖం చూడటానికి సిగ్గుపడుతూ వెళ్లి, పిడుగు పడలేదు, ఏమనుకోకండి అని క్షమాపణ చెప్పుకున్నాను.

సువార్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "పిడుగు పడలేదని బాధపడే మనిసిని నిన్నే సూసినా మేడం," అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ హనుమక్క నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "ఈళ్లు నవ్వుతాండారు గానీ, మళ్ల ఉరిమితే ఎంతమంది లేస్తారో నాకే నమ్మకం లేదు. నేనైతే లేపుతా. లేయకుంటే ఏం సేయల్ల?" ఆ ప్రశ్న మోసుకుంటూనే రిటైర్మెంటు దాకా వచ్చాను.

శాలువా కప్పేవేళ

నా సన్మానం ఆదోనిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. సెప్టెంబరు చివర, బుడ్డలు పెరికే కాలం. చుట్టుపక్కల మండలాల రెవెన్యూ వాళ్లు, ఫైరు వాళ్లు, ఆసుపత్రి వాళ్లు వచ్చారు. హనుమక్క రాలేనని ముందే చెప్పింది, చేలో పని ఉందట. ఆ పొద్దున నేను పంపిన చివరి సందేశం ముప్పై శాతమే. పైన పెద్ద అక్షరాల వరుస ఎప్పటిలాగే ఉన్నా, బుడ్డల కాలంలో ఉరిమితే తప్ప రెండింటికే చేను వదిలేవాళ్లు తక్కువ.

మూడు గంటలకు పై అధికారి మైకు ముందు నా అంకితభావం గురించి మాట్లాడుతున్నాడు. నా మెడలో గజమాల లాంటి దండ. కిటికీ బయట పడమర నల్లబడింది. ముందు వరుసలో బసవరాజు జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు, నడుము వంచి మెల్లగా బయటికి జారుకున్నాడు. ఆయన వెనక హొళగుంద పెద్దాయన. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. పది నిమిషాల్లో సగం కుర్చీలు ఖాళీ. పై అధికారి మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "భోజనాలు మళ్లీ మొదలుపెట్టారా?" అని నన్నడిగాడు.

నేను దండతోనే లేచి వరండాలోకి వెళ్లాను. జన్మలో అంత అందమైన దృశ్యం చూడలేదు. అందరూ స్తంభాలకు ఆనుకుని ఫోన్లలో అరుస్తున్నారు. "చెట్టు కిందికి పోవద్దన్నా," అని ఒకరు. పెద్దాయన కన్నడంలో ఎవరినో తిడుతున్నారు, ముద్దుగా. ఒక్కరు కూడా శాతం మాట ఎత్తడం లేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బసవరాజు మాత్రం నవ్వడం లేదు. ఫోన్ నా చేతికిచ్చాడు.

"స్కూల్లోకి వచ్చినాం మేడం," హనుమక్క గొంతు. వెనక పిల్లల గోల, ఉరుములు. "లేస్తారో లేదో అనుకుంటిమే, అందరూ లేసినారు. ఈడికి వచ్చి లెక్కపెడితే ఇరవై ఒక్కరే ఉండారు. సువార్త లేదు. ఎనకాలే వస్తాందనుకుంటిమి."

"ఉరుము వినిపించలేదేమో," అన్నాను.

"తెల్దు మేడం. నేను మళ్ల పోతా."

"పోవద్దక్కా. నువ్వు పోవద్దు," అన్నాను. అలా అనడం కంటే కష్టమైన పని నా ఉద్యోగంలో నేను చేయలేదు. లైను తెగిపోయింది. లోపల మైకులో నా పేరు పిలుస్తున్నారు, శాలువా కప్పడానికి. నేను కదల్లేదు. బసవరాజు ఫోన్ పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డామో లెక్కపెట్టే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఆదోని మీద కూడా వాన మొదలైంది.

ఫోన్ మోగింది. బసవరాజు స్పీకరు నొక్కాడు.

"మేడమా, నేను సువార్తను." రొప్పుతోంది. "వంక అవతల సేన్లో యేరే ఊరోళ్లు బుడ్డలు పెరుకుతాండ్రి. ఆళ్లకు ఎవురూ సెప్పినట్ల లేదు. పోయి పిలిస్తే రామన్యారు, ఉరుముకు ఎవురన్నా పని ఇడుస్తారా అన్యారు. కొంగు తీసి నా సెవి సూపించినా. ఏమనకుండా లేసి వచ్చినారు, తొమ్మిది మంది."

ఆమె వెనక నుంచి హనుమక్క అరుపు: "ముందు తల తుడుసుకోవే."

బసవరాజు గోడ వైపు తిరిగి జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను లోపలికి వెళ్లాను. శాలువా కప్పారు. మాట్లాడమని మైకు ఇచ్చారు. నాలుగు పేజీల ప్రసంగం రాసుకుని తెచ్చుకున్నాను, అందులో ఒక్క ముక్క గుర్తు లేదు.

"ముప్పై ఒక్క మంది," అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను.

కర్నూలు నుంచి సన్మానానికి వచ్చిన మా ఆఫీసు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరండా తలుపు దగ్గర తడిసిన బట్టలతో నిలబడిన రెవెన్యూ వాళ్లు మాత్రం, చేతుల్లో ఫోన్లు పట్టుకునే, చప్పట్లు కొట్టారు.